హెచ్ఐవీకీ ఎయిడ్స్‌కీ మధ్య ఉన్న ఏళ్లు

2000ల తొలి ఏళ్లలో తెలుగునాట రోడ్ల పక్కన ఒక హోర్డింగు వెలిసింది. ‘పులిరాజా ఎవరు?’ అని ముందు ఊరించి, తర్వాత ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని అడిగింది. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర అదే మాట. ఆ పేరు పైకి పలకడానికే జంకే జనం చేత పలికించిన ప్రచారం అది. ఆ మేలు తక్కువదేం కాదు. అయితే ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది. పులిరాజాకు ఒక్క రాత్రిలో సోకగలిగేది హెచ్ఐవీ అనే వైరస్. ఎయిడ్స్ ఒకరి నుంచి ఒకరికి సోకదు. వైద్యం అందకుండా ఆ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతే, రక్షణ వ్యవస్థ కూలిపోయి మనిషి చేరే ఆఖరి దశ పేరు ఎయిడ్స్. మందులు వాడకపోతే ఈ రెండింటి మధ్య సగటున ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే, ఆఖరి దశకు చేరకుండా ఎక్కడ ఆగవచ్చో కూడా తెలుస్తుంది.

ఒంట్లోకి వెళ్లే ముందు ఒకసారి రోడ్డు మీదికి చూద్దాం. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ రహదారి మీది ఊళ్లు. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉంది. అక్కడి రైస్ మిల్లులకు ధాన్యం లారీలు, హుజూర్‌నగర్, మట్టపల్లి, వాడపల్లి వైపు సిమెంటు లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఇల్లు వదిలి నెలల తరబడి తిరిగే మగవాళ్లు ఎక్కువగా ఉన్నచోట హెచ్ఐవీ వ్యాపిస్తుందన్న అంచనాతో దేశంలోని నియంత్రణ కార్యక్రమాలు దూరప్రాంత లారీ డ్రైవర్ల మీద, వలస కూలీల మీద మొదటి నుంచీ ప్రత్యేక దృష్టి పెట్టాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన అవాహన్ కార్యక్రమం కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో, జాతీయ రహదారుల వెంట పనిచేసింది. ఆ పని అవసరమే. కానీ దాంతోపాటు ఒక అపోహ కూడా బలపడింది: ఇది డ్రైవర్ల జబ్బు, రోడ్డు మీది జబ్బు అని. రోడ్డెక్కని ఇల్లాలు తనకూ పరీక్ష అవసరమని అనుకోలేదు. మన దేశంలో హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి అది భర్త నుంచే వచ్చింది.

2005–06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పెద్దల్లో హెచ్ఐవీ 0.28 శాతం ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం తేలింది. అంటే వందమందిలో ఇంచుమించు ఒకరికి. 2023 అంచనాల్లో దేశం సగటు 0.20, తెలంగాణ 0.44, ఆంధ్రప్రదేశ్ 0.62. తగ్గింది, నిజమే. అయినా రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ దేశ సగటుకు రెట్టింపు పైనే ఉన్నాయి.

ఈ కథలో జబ్బు ముందు కనపడింది, వైరస్ తర్వాత దొరికింది. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పత్రికలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఐదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక వచ్చింది. రక్షణ శక్తి పూర్తిగా పోయినవాళ్లకు తప్ప సోకని ఒక అరుదైన న్యుమోనియా వాళ్లకు సోకింది. మరుసటి ఏడాది దానికి ఎయిడ్స్ అని పేరు పెట్టారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బారె-సినూసి, లుక్ మాంటనియె బృందం వైరస్‌ను పట్టుకుంది. 2008లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దేశంలో దీన్ని మొదట కనిపెట్టింది చెన్నైలో, 1986లో. డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల రక్తం నమూనాలు సేకరిస్తే, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పరీక్షించారు. ‘మన దగ్గర ఇలాంటివి ఉండవు’ అన్న ధీమా ఆ రోజుతో పోయింది.

ఇక ఒంట్లోకి వద్దాం. రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూది, వైరస్ ఉన్న రక్తం, తల్లి నుంచి బిడ్డకు. ఇంతకు మించి దారుల్లేవు. దోమకాటు, ఒకే కంచం, కౌగిలింత, ఒకే బాత్రూం, వీటివల్ల రాదు.

హెచ్ఐవీ వెతుక్కుంటూ వెళ్లేది సీడీ4 అనే తెల్ల రక్తకణాల దగ్గరికి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు లస్కరు ఎవరో చెప్పక్కర్లేదు. ఆయన దుక్కి దున్నడు, నాటు వేయడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూస్తాడు. ఆయన లేకపోతే కాలువలో నీళ్లున్నా చివరి పొలాలు ఎండిపోతాయి. సీడీ4 కణం పని కూడా అదే. అది స్వయంగా క్రిమిని చంపదు. యాంటీబాడీలు తయారుచేసే కణాలకూ, వైరస్ సోకిన కణాలను చంపే కణాలకూ, సూక్ష్మజీవుల్ని మింగే కణాలకూ ఎప్పుడు కదలాలో రసాయన సంకేతాలతో చెబుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. పరీక్ష కాగితం మీద కనపడే ‘సీడీ4 కౌంట్’ ఇదే.

వైరస్ పైపొర మీది జీపీ120 అనే ప్రొటీన్ సీడీ4 కణాన్ని పట్టుకుంటుంది. లోపలికి చేరాక వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైముతో డీఎన్‌ఏగా మార్చుకుంటుంది. ఆ డీఎన్‌ఏను ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైము తీసుకెళ్లి మన కణం డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఈ అతుకు దగ్గరే అసలు చిక్కంతా ఉంది. అప్పటినుంచి వైరస్ జన్యువులు ఆ కణంలో భాగమైపోతాయి. కణం ఉన్నన్నాళ్లూ అవీ ఉంటాయి.

వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ఉంటాయి. దాన్ని చూసి హెచ్ఐవీ అని ఎవరూ అనుకోరు. వైరల్ జ్వరమనుకుని ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని పనికి పోతారు. అప్పుడు రక్తంలో ఒక మిల్లీలీటరుకు లక్షల్లో వైరస్ ఉంటుంది. ఇతరులకు అంటే అవకాశం అత్యధికంగా ఉండేదీ ఆ వారాల్లోనే. పైగా మామూలు పరీక్ష అప్పుడు చేయించుకుంటే నెగెటివ్ రావచ్చు. యాంటీబాడీలు పరీక్షకు అందేంతగా తయారవడానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. అందుకే అనుమానం ఉన్నవాళ్లను మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మంటారు.

ఆ తొలి వారాల్లో రక్తపరీక్షకు అందని నష్టం ఒకటి పేగుల్లో జరుగుతుంది. మన సీడీ4 కణాల్లో పెద్ద భాగం పేగుల గోడల్లోనే కాపలా ఉంటుంది. అక్కడివి వేగంగా నాశనమవుతాయి. గోడ పలచబడి, పేగుల్లోని బాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారడం మొదలవుతుంది. దాంతో రక్షణ వ్యవస్థ ఎప్పుడూ రెచ్చిపోయిన స్థితిలోనే ఉండిపోతుంది. రెచ్చిన సీడీ4 కణాలంటే వైరస్‌కు మరీ అనుకూలం.

తర్వాత జ్వరం తగ్గుతుంది. వైరస్ స్థాయి పడిపోయి ఒక చోట నిలబడుతుంది. మనిషి మామూలుగా ఉంటాడు. స్టీరింగు పడతాడు, బస్తా మోస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. ఇలా ఏళ్లు గడుస్తాయి. వైరస్ ఈ కాలంలో నిద్రపోతుందని 1990ల మొదటిదాకా చాలామంది శాస్త్రవేత్తలు కూడా అనుకున్నారు. 1995, 96లో డేవిడ్ హో, ఆలన్ పెరెల్సన్ బృందం ఆ నమ్మకాన్ని తిరగరాసింది. రోగులకు శక్తిమంతమైన మందిచ్చి, రక్తంలో వైరస్ ఎంత వేగంగా పడిపోతుందో కొలిచారు. ఆ వేగాన్ని బట్టి, మందు ఇవ్వకముందు అది ఎంత వేగంగా పుడుతూ ఉండాలో లెక్కగట్టారు. రోజుకు ఇంచుమించు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయని తేలింది. వైరస్ సోకిన కణం సగటున రెండు రోజులే బతుకుతోంది. చచ్చినవాటి స్థానంలో శరీరం కొత్త సీడీ4 కణాలను పుట్టిస్తూనే ఉంది. అద్దంలో ఆరోగ్యంగా కనపడే ఆ మనిషి లోపల ఏళ్ల తరబడి ఒక్క రోజు కూడా విరామం లేని యుద్ధం జరుగుతోందన్న మాట. ఈ జబ్బు గురించి తెలిసినవాటిలో నన్ను బాగా కదిలించిన సంగతి ఇది. ‘నాకేం లేదు, బాగానే ఉన్నా’ అనే మాటకు హెచ్ఐవీ విషయంలో ఏ విలువా లేదని ఇంతకన్నా గట్టిగా చెప్పే రుజువు మరొకటి లేదు.

ఇంకో వింత 2013 చివర్లో బయటపడింది. అమెరికాలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్ బృందం లింఫ్ కణజాలంలో చనిపోతున్న సీడీ4 కణాలను పరిశీలించింది. వాటిలో 95 శాతానికి పైగా వైరస్‌ను తయారుచేస్తున్న కణాలు కావు. వైరస్ లోపలికి వచ్చి డీఎన్‌ఏగా మారుతూ మధ్యలో ఆగిపోతే, ఆ అసంపూర్తి డీఎన్‌ఏ ముక్కలను చూసి ఆ కణాలు తమంతట తామే పేలిపోతున్నాయి. ఆ పేలుడుకు వాపు పుడుతుంది, ఆ వాపు మరిన్ని సీడీ4 కణాలను అక్కడికి రప్పిస్తుంది, అవీ పేలిపోతాయి.

ఈ పోరులో చికిత్స లేనివాళ్లకు ఏడాదికి సుమారు 50 నుంచి 100 చొప్పున సీడీ4 కౌంట్ తగ్గుతూ పోతుంది. అందరికీ ఒకే వేగం కాదు. కొందరు రెండు మూడేళ్లలోనే పడిపోతారు. మందు లేకుండానే వైరస్‌ను అణిచిపెట్టగలిగేవాళ్లూ ఉన్నారు గానీ వాళ్లు వందలో ఒకరు కూడా ఉండరు. ఆ ఒక్కరం మనమే అనుకుని కూర్చోవడం ప్రాణంతో పందెం.

కౌంట్ 350 దాటి కిందికి దిగేసరికి నోట్లో తెల్లపూత, ఒంటిమీద సర్పి, తగ్గని విరేచనాలు, బరువు తగ్గడం మొదలవుతాయి. 200 కంటే దిగితే, లేదా కొన్ని ప్రత్యేకమైన జబ్బులు కనపడితే, దాన్ని ఎయిడ్స్ అంటారు. ఈ దశలో మనిషిని చంపేవి ఇతర క్రిములు. 1981 నాటి ఆ అరుదైన న్యుమోనియా 200 లోపు వస్తుంది. పక్షుల రెట్టల్లో ఉండే క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం మనందరి ఊపిరిలోకీ వెళుతూనే ఉంటుంది. 100 కంటే దిగినవాళ్లలో అది మెదడు పొరలకు పాకి మెనింజైటిస్ తెస్తుంది. చాలారోజులుగా తగ్గని తలనొప్పితో మొదలవుతుంది. 50 కంటే దిగితే కంటి వెనుక పొరను సైటోమెగలో వైరస్ తినేస్తుంది, చూపు పోతుంది.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ముప్పు టీబీ. మనలో చాలామంది ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమి బందీగా ఉంటుంది. దాన్ని చుట్టుముట్టి కట్టడి చేసే కణాలకు ఆదేశాలిచ్చేది సీడీ4. ఆరోగ్యవంతుడిలో ఆ క్రిమి బయటపడే అవకాశం జీవితకాలం మొత్తంలో ఐదు నుంచి పది శాతం. హెచ్ఐవీ ఉండి మందులు వాడనివాళ్లలో ఏడాదికే ఇంచుమించు అంత. పైగా టీబీ 200 దాకా ఆగదు, కౌంట్ బాగున్నప్పుడే రాగలదు. అందుకే టీబీ తేలిన ప్రతివారికీ హెచ్ఐవీ పరీక్ష, హెచ్ఐవీ తేలిన ప్రతివారికీ టీబీ పరీక్ష చేయాలన్నది దేశంలో నియమం. దగ్గుతో వెళితే హెచ్ఐవీ పరీక్ష ఎందుకు రాస్తున్నారని కోపగించుకునేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా మందు వాడకపోతే జరిగేది. మందులున్నాయి, అవి పనిచేస్తున్నాయి.

2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణిచే మందుల చికిత్స) మొదలుపెట్టినప్పుడు తొలి ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు సీడీ4 కౌంట్ 200 కంటే దిగాకే మందులు. అంటే మనిషి ఎయిడ్స్ గడప దాకా రావాల్సిందే. ఆ గీత తర్వాత 350కి, ఆపైన 500కి జరిగింది. 2015లో స్టార్ట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. భారత్ సహా 35 దేశాల్లో 4,600 మందికి పైగా పాల్గొన్నారు. కౌంట్ 500 పైన ఉన్నప్పుడే మందు మొదలుపెట్టినవాళ్లలో తీవ్ర అనారోగ్యం, మరణం కలిపి సగానికి పైగా తగ్గాయి. 2017లో మన దేశం గీతనే తీసేసింది. పాజిటివ్ అని తేలితే చాలు, కౌంట్ ఎంతున్నా మందు ఇస్తారు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్. మొదటి రెండూ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌ను, మూడోది ఇంటిగ్రేజ్‌ను అడ్డుకుంటాయి. వైరస్ తన నకళ్లు తీసుకునే చోటా, అతుక్కునే చోటా దెబ్బ పడుతుంది. తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హెటిరో, అరబిందో, లారస్ వంటి కంపెనీలు ఈ మందులనూ వాటి ముడిపదార్థాలనూ తయారుచేసి ఆఫ్రికా దేశాలకు కూడా పంపుతున్నాయి. ఏడాదికి పదివేల డాలర్లకు పైగా పలికిన చికిత్సను 2001లో ముంబయి సిప్లా 350 డాలర్లకే ఇస్తామన్న రోజు నుంచి, పేద దేశాల ప్రాణాలను నిలబెట్టింది భారతీయ జనరిక్ మందులే.

మందు సరిగ్గా వాడితే చాలామందిలో ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. సీడీ4 కౌంట్ మళ్లీ పెరుగుతుంది. ఎయిడ్స్ దశలో మంచాన పడ్డవాళ్లు లేచి పనికి వెళ్లిన ఉదాహరణలు ఏ ఏఆర్‌టీ కేంద్రంలో అడిగినా చెబుతారు. ఇంకో మేలు: పరీక్షకు అందనంత తక్కువ వైరస్ ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్ఐవీ అంటదు. ఇది ఆశతో చెప్పే మాట కాదు. చెన్నై, పుణె జంటలు కూడా పాల్గొన్న అధ్యయనంలో, ముందుగానే మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లోనే తేలింది. తర్వాతి అధ్యయనాలు మిగిలిన అనుమానాన్నీ తీర్చాయి. తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం మందు లేకపోతే 15 నుంచి 45 శాతం. తల్లీబిడ్డలకు సరైన చికిత్స అందితే ఐదు శాతం కన్నా తక్కువ.

మరి ఇంకా ఎయిడ్స్ దశలో ఆసుపత్రికి ఎవరు వస్తున్నారు? రెండు రకాలవాళ్లు. అసలు పరీక్షే చేయించుకోనివాళ్లు, మధ్యలో మందు ఆపేసినవాళ్లు.

ఆపేయడం వెనుక ఉన్న పొరపాటు ఆలోచన అర్థం చేసుకోదగినదే. ఒళ్లు బాగుంది, కౌంట్ 700 ఉంది, రిపోర్టులో వైరస్ లేదు. ఇంకా ఎందుకు మింగాలి? జవాబు ఆ అతుకు దగ్గరే ఉంది. వైరస్ జన్యువులు అతుక్కున్న కొన్ని సీడీ4 కణాలు ఏ పనీ చేయకుండా ఏళ్ల తరబడి నిద్రపోతాయి. మందు పనిచేసే వైరస్‌ను ఆపగలదు గానీ నిద్రపోయేదాన్ని తాకలేదు. ఆ నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుందని లెక్కగట్టారు. పూర్తిగా పోవాలంటే ఒక మనిషి జీవితకాలం చాలదు. మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. అప్పుడప్పుడూ వేసుకుంటే మరో ప్రమాదం, మందుకు లొంగని వైరస్ తయారవుతుంది.

తిరుగుడు బతుకుల్లో మాత్ర తప్పడం తేలిక. లోడు ఒడిశాలో దిగాల్సి ఉంటుంది, డబ్బా సూర్యాపేటలో ఇంట్లో ఉంటుంది. తోటి డ్రైవరు చూస్తాడని డబ్బా బయటికి తీయరు. తెలిసినవాళ్లు కనపడతారని సొంత ఊరి కేంద్రం వదిలి దూరపు ఊరికి వెళ్లి, ఖర్చు భరించలేక మానేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లకు చెప్పాల్సినవి: నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇస్తారు, అడగాలి. పరాయి ఊళ్లో మందు అయిపోతే అక్కడి ఏఆర్‌టీ కేంద్రానికి మీ చికిత్స పుస్తకం తీసుకెళ్లాలి. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు డొలుటెగ్రావిర్ పనిని తగ్గించగలవు కనుక అవి వాడుతుంటే ఎంత ఎడం పాటించాలో డాక్టరును కనుక్కోవాలి. టీబీ మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, మోతాదు మారుతుంది.

భయపడేవాళ్లకు చట్టం అండ కూడా ఉంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని ఉద్యోగం తీసేయడం, వైద్యం నిరాకరించడం, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం, పిల్లల్ని బడిలో చేర్చుకోకపోవడం నేరుగా చట్ట విరుద్ధం. అనుమతి లేకుండా ఒకరి ఫలితం మరొకరికి చెప్పకూడదు. ఈ చట్టం గురించి మిల్లుల్లో, లారీ ఆఫీసుల్లో, బడుల్లో ఎంతమందికి తెలుసన్నది వేరే మాట. తెలియజెప్పే బాధ్యత చదువుకున్నవాళ్ల మీద ఉంది.

హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీల్లో (కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో) ఉచితం. ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు, ఫలితం రహస్యంగా ఉంచుతారు. వెళ్లడానికి ఇంకా సంకోచమైతే 1097కు ఫోన్ చేయండి, ఆ కాల్‌కు డబ్బులు పడవు. పెళ్లైనవాళ్లు ఇద్దరూ కలిసి వెళ్లండి. మాత్ర మానేసి ఏడాదైనా, రెండేళ్లైనా, తిడతారేమోనని ఆగకండి. మానేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.